ఐఎల్ఎల్ ఇంకా అవసరమా? లైబ్రేరియన్లు ఇప్పుడు ఏం నేర్చుకోవాలి?

తెనాలి_లైబ్రేరియన్

అందరికీ నమస్తే. తెనాలి దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పద్నాలుగేళ్లుగా లైబ్రేరియన్‌గా చేస్తున్నాను. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఐఎల్ఎల్ అంటే ఇంటర్ లైబ్రరీ లోన్, మన దగ్గర లేని పుస్తకాన్ని వేరే లైబ్రరీ నుంచి అరువు తెప్పించడం. డెల్నెట్ అంటే అందుకు పనికొచ్చే లైబ్రరీల నెట్‌వర్క్.

మొన్న బడ్జెట్ మీటింగ్‌లో మా ప్రిన్సిపాల్ గారు "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చేసింది కదమ్మా, జర్నల్స్ అన్నీ ఫ్రీ అంటున్నారు, ఇంకా డెల్నెట్ ఎందుకు, ఐఎల్ఎల్‌కి వేరే పద్దు ఎందుకు" అన్నారు. నాకు తెలిసింది చెప్పాను. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ ఆమోదించిన పథకం అది, 2025 నుంచి మూడేళ్లకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నల్స్, 6,300 పైచిలుకు సంస్థలు. కానీ మొదటి దశలో ఉన్నవన్నీ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలే. మనది ప్రైవేటు కాలేజీ, ఆ లిస్టులో లేము సార్ అన్నాను. ఆయన విన్నారు. విని, "సరే, పోయినేడు ఐఎల్ఎల్ మీద ఎన్ని పుస్తకాలు తెప్పించారో చెప్పండి" అన్నారు.

రిజిస్టర్ తీశాను. పదకొండు. అందులో ఏడు మెకానికల్ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒక్క సార్ కోసమే. ఆ రోజు ఇంటికొచ్చాక కూడా ఆ అంకె నన్ను వదల్లేదు. రెండు వేల మందికి పైగా పిల్లలున్న కాలేజీలో పదకొండా!

ఏదైనా ట్రైనింగ్‌కి వెళ్లిరమ్మని ఐదు రోజుల ఆన్‌డ్యూటీ ఇచ్చారు, కొంచెం డబ్బు కూడా. తోటి లైబ్రేరియన్లు చాలామంది ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్, డేటా అనలిటిక్స్ నేర్చుకోమంటున్నారు. నా మనసు మాత్రం ఐఎల్ఎల్ మీదే ఉంది. దీనికి ముందుముందు విలువ ఉంటుందా? ఉంటే ఏం నేర్చుకోవాలి? సర్టిఫికెట్ కోసం అడగడం లేదు, నిజంగా పని నేర్చుకోవాలని అడుగుతున్నాను.

విశ్రాంత_గ్రంథపాలకుడు

అమ్మా, మంచి ప్రశ్న వేశావు. నేను ముప్పై ఒక్కేళ్లు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేసి రిటైర్ అయ్యాను.

మీ పదకొండు గురించి ముందు ఒక మాట. ఆ అంకె చూసి అవసరం లేదని అనుకోవద్దు. మీ కౌంటర్ దగ్గర ఒక్క వారం ఈ పని చెయ్యండి. పిల్లాడు వచ్చి ఒక పుస్తకం అడుగుతాడు, మీ అసిస్టెంట్ సిస్టమ్‌లో కొట్టి చూసి "లేదు" అంటాడు, పిల్లాడు వెళ్లిపోతాడు. ఆ "లేదు" అన్న ప్రతిసారీ ఒక తెల్ల కాగితం మీద పుస్తకం పేరు, అడిగినవాళ్ల పేరు రాయించండి. వారం తర్వాత చూస్తే మీకే తెలుస్తుంది. "లేదు" తర్వాత "తెప్పిస్తాను, నాలుగు రోజులు ఆగు" అనే రెండో మాట ఉంటుంది చూశారా, ఐఎల్ఎల్ అంతా ఆ రెండో మాటలోనే ఉంది. మా లైబ్రరీలో కూడా ఎన్నో ఏళ్లు ఆ మాట ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మా రోజుల్లో టైపు చేసిన ఉత్తరం, దాని మీద సీలు, తిరుగు పోస్టు స్టాంపులు. 1988లో ఢిల్లీలో ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్‌లో డెల్నెట్ మొదలైంది, అప్పుడు దాని పేరు ఢిల్లీ లైబ్రరీ నెట్‌వర్క్, 1992లో సొసైటీగా రిజిస్టర్ చేశారు. 1991లో యూజీసీ, యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ని ఒక ప్రాజెక్టుగా మొదలుపెట్టి 1996లో స్వతంత్ర కేంద్రం చేసింది. అంటే ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో ఒక్కచోట చూసే వసతి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. వసతి ఉంది, అడిగే అలవాటే రాలేదు.

మీది తెనాలి అన్నారు కాబట్టి చెబుతున్నాను. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు ఊరూరికీ పంపించారు. మీకు పక్క ఊళ్లే అవి. పుస్తకం ఉన్నచోటికి మనిషి రాలేకపోతే మనిషి ఉన్నచోటికే పుస్తకం వెళ్లాలని ఆనాడు పడవ కట్టారు. మీరు చేస్తున్నదీ ఆ పనే.

కోహా_కుర్రోడు

మేడమ్, నమస్తే. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో సిస్టమ్స్ చూస్తాను. పెద్దాయన మాటల మీద గౌరవం ఉంది కానీ ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. ముందుముందు అడగడం, వెతకడం, ఎవరి దగ్గర ఉందో చూసి రిక్వెస్ట్ పంపడం, ఇవన్నీ మెషీనే చేస్తుంది. ఇప్పటికే చేస్తోంది.

అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ఉంది. 1997 జూలైలో వరద వచ్చి వాళ్ల లైబ్రరీ బేస్‌మెంట్ మునిగింది, లక్షల పుస్తకాలు, జర్నల్ బౌండ్ వాల్యూములు నీళ్లపాలు. విద్యార్థులకి వ్యాసాలు కావాలి, షెల్ఫులో పుస్తకం లేదు. అప్పుడు వాళ్లే వేరే లైబ్రరీల నుంచి గబగబా స్కాన్లు తెప్పించుకునే సిస్టమ్ ఒకటి రాసుకున్నారు. అదే ర్యాపిడ్ ఐఎల్ఎల్. రిక్వెస్ట్ పెట్టగానే ఏ సభ్య లైబ్రరీలో ఆ సంవత్సరపు సంచిక ఉందో చూసుకుని మనిషి చెయ్యి పడకుండా వాళ్లకి పంపేస్తుంది, 24 గంటల్లో వ్యాసం ఇవ్వాలనేది లక్ష్యం. 2019లో ఎక్స్ లిబ్రిస్ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని కొనేసింది.

ఇంకొకటి ఐఎస్ఓ 18626. ఒక లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఇంకో లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌తో "ఈ పుస్తకం కావాలి", "పంపాను", "అందింది", "తిరిగి పంపాను" అని చెప్పుకోవడానికి 2014లో వచ్చిన ప్రమాణం. పాత 10160, 10161 ప్రమాణాలు మోయలేనంత బరువుగా ఉండేవి, ఇది మామూలు ఎక్స్ఎంఎల్ మెసేజ్‌లతో అయిపోతుంది. కోహా అనే ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో కూడా ఐఎల్ఎల్ మాడ్యూల్ ఉంది, మన దగ్గర ఎవరూ ఆన్ చెయ్యరు, అంతే. కాబట్టి మేడమ్, నా సలహా ఏంటంటే ఐదు రోజులూ కోహా మీద పెట్టండి. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో కోహా పాఠాలు ఫ్రీగా ఉన్నాయి, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

డల్లాస్_నుంచి

కోహా_కుర్రోడు గారూ, మెషీన్ చేస్తుందన్నది ఇంగ్లిష్ జర్నల్ వ్యాసాల వరకు నిజం. నేను డల్లాస్ దగ్గర ఒక పబ్లిక్ లైబ్రరీలో ఐఎల్ఎల్ డెస్క్‌లోనే పనిచేస్తున్నాను, ఆరో సంవత్సరం. తెలుగు పుస్తకం దగ్గరకొచ్చేసరికి మెషీన్ చేతులెత్తేస్తుంది.

ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అమెరికా యూనివర్సిటీ లైబ్రరీల్లో తెలుగు పుస్తకాలు ఇన్ని ఎలా వచ్చాయంటే పీఎల్ 480 అనే అమెరికా చట్టం వల్ల. అప్పట్లో ఇండియా గోధుమలు కొని డబ్బు రూపాయల్లోనే కట్టేది, ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు మన భాషల పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకి పంపింది. అందుకే విస్కాన్సిన్, షికాగో లాంటి చోట్ల, మన ఊళ్లో దొరకని తెలుగు నవలలు కూడా కొన్ని ఉన్నాయి. ఇవన్నీ లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్ వరల్డ్‌క్యాట్‌లో కనిపిస్తాయి. కానీ కనిపించాలంటే ఎలా వెతకాలో తెలియాలి. రికార్డులో పేరు ఇంగ్లిష్ లిపిలో, అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు పెట్టి రాసి ఉంటుంది. మనం ఫోన్‌లో మెసేజ్ కొట్టినట్టు కొడితే చాలాసార్లు సున్నా ఫలితాలు.

పోయిన చలికాలంలో ఒక పెద్దావిడ వచ్చారు, డెబ్భై దాటి ఉంటారు. పెళ్లికి ముందు చదివిన నవల ఒకటి మళ్లీ చదవాలని ఉందన్నారు. రచయిత్రి పేరు గుర్తుంది, నవల పేరు సగమే గుర్తుంది. మా సిస్టమ్‌లో ఆటోమేటిక్ రిక్వెస్ట్ రెండుసార్లు "దొరకలేదు" అని తిరిగొచ్చింది. నేను కూర్చుని ఇంటిపేరుని నాలుగు రకాలుగా రాసి వెతికితే మూడోదానికి దొరికింది. వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ నుంచి పది రోజులకి వచ్చింది. పుస్తకం చుట్టూ కాగితపు పట్టీ, దాని మీద తిరిగి ఇవ్వాల్సిన తేదీ. లోపల మొదటి పేజీ అంచులు గోధుమ రంగు తిరిగి విరిగిపోతున్నాయి. ఆవిడ కౌంటర్ దగ్గరే నిలబడి అట్ట తెరిచి వాసన చూశారు. ఇంటికి తీసుకెళ్లకుండా నాలుగు రోజులూ లైబ్రరీకే వచ్చి చదువుకున్నారు, పాడైపోతుందేమో అని.

తెనాలి అక్కా, మీరు నేర్చుకోవాల్సింది వెతకడం. వరల్డ్‌క్యాట్ నడిపే ఓసీఎల్‌సీ వాళ్ల వెబ్‌జంక్షన్‌లో లైబ్రరీ సిబ్బంది కోసం కోర్సులు ఉచితంగా ఉన్నాయి, చూడండి. అయితే తెలుగు పుస్తకం వెతకడం మాత్రం ఏ కోర్సులోనూ లేదు, మనం మనకే చెప్పుకోవాలి.

పరిశోధకురాలు_వరంగల్

నేను లైబ్రేరియన్‌ని కాదండీ, తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. చదువుతుంటే రాయాలనిపించింది.

1930ల నాటి ఒక మాసపత్రికలో నాలుగు సంచికలు కావాలి నాకు. మా యూనివర్సిటీలో లేవు. ఐఎల్ఎల్ ఫారం నింపి ఇస్తే కౌంటర్‌లో ఉన్నాయన "తెలుగు పత్రికలకి ఇది వర్తించదమ్మా, ఇది ఇంగ్లిష్ జర్నల్స్‌కే" అన్నారు. అలాంటి రూల్ ఎక్కడా లేదని తర్వాత తెలిసింది. రూల్ అనుకుని ఎనిమిది నెలలు తిరిగాను. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలుంటాయని అందరూ చెబితే వెళ్లాను, రెండు సంచికలు అక్కడ చూసుకుని రాసుకున్నాను. 1918లో పెట్టిన గ్రంథాలయం, ఆ ఊళ్లో ఆ బీరువాల మధ్య కూర్చుంటే లేవాలనిపించదు. మిగతా రెండు సంచికల కోసం ఇంకా తిరుగుతున్నాను. ప్రయాణానికి, లాడ్జికి అయిన ఖర్చు నా ఫెలోషిప్‌లోంచే. ఆ రెండు సంచికలు ఏదో ఒక లైబ్రరీ కట్టలో ఉండే ఉంటాయి, కానీ ఏ కేటలాగ్‌లోనూ లేవు, అందుకే నాకు దొరకడం లేదు.

శోధగంగ వెబ్‌సైట్‌లో థీసిస్‌లు పెట్టాక మాకు ఎంత మేలు జరిగిందో చెప్పలేను. ఒకప్పుడు ఒక్క థీసిస్ చూడటానికి ఆ యూనివర్సిటీకే వెళ్లాల్సి వచ్చేదట. పాత పత్రికలకి అలాంటిది ఎప్పుడొస్తుంది?

కోహా_కుర్రోడు

మీరు చెప్పింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. మెషీన్‌కి కనిపించాలంటే ముందు రికార్డు ఉండాలి, సరిగ్గా ఉండాలి. తెలుగు రికార్డుల పరిస్థితి నాకు బాగా తెలుసు, రోజూ చూస్తున్నది అదే కాబట్టి వివరంగా చెబుతాను.

మా దగ్గర ఒక కాలేజీ నుంచి ఎక్సెల్ షీట్ వచ్చింది, తెలుగు పుస్తకాలు మూడు వేల చిల్లర. తెరిస్తే అంతా పిచ్చి గీతలు. ఎందుకంటే అను ఫాంట్‌లో టైపు చేశారు. స్క్రీన్ మీద తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు. యూనికోడ్‌లోకి మార్చితే వత్తులు కొన్ని ఎగిరిపోయాయి. ఇది మొదటి చిక్కు.

రెండోది స్పెల్లింగు. ఒకరు "గ్రంథాలయము" అని, ఒకరు "గ్రంధాలయము" అని, ఇంకొకరు "గ్రంథాలయం" అని రాస్తారు. మన కంటికి మూడూ ఒకటే, కంప్యూటర్‌కి మూడు వేరు పుస్తకాలు. పాత పుస్తకాల్లో అరసున్నాలు, "వ్రాసిన", "రాసిన", ఊరి పేర్లు రాజమహేంద్రవరము, రాజమండ్రి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఉంటే దాన్ని పట్టుకుని కలపొచ్చు, మన పాత పుస్తకాలకి అది ఎక్కడిది?

మూడోది సెట్టింగు. కోహాలో వెతుకుడు నడిపే జీబ్రా ఇండెక్సింగ్‌ని, యూనికోడ్ భాషలకి పనికొచ్చే ఐసీయూ సెట్టింగుకి మార్చకపోతే తెలుగులో వెతుకుడు సరిగ్గా పనిచెయ్యదు. చాలా లైబ్రరీల్లో ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఇది మార్చకుండానే వెళ్లిపోతారు, లైబ్రేరియన్ గారు "తెలుగు సపోర్ట్ లేదు" అనుకుని పేర్లన్నీ ఇంగ్లిష్ లిపిలో కొట్టించేస్తారు. అక్కడితో ఆ పుస్తకం పక్క లైబ్రరీకి కనిపించకుండా పోయినట్టే.

కాబట్టి మేడమ్, కోహా నేర్చుకోండి అన్నది వెనక్కి తీసుకోను, కానీ అందులో మార్క్ 21 (కేటలాగ్ రికార్డులు రాసే ప్రమాణం) కేటలాగింగ్, తెలుగు ఎంట్రీ ముందు.

న్యాయ_గ్రంథాలయం

స్కాన్ల మాట వచ్చింది కాబట్టి కాపీరైట్ గురించి రాస్తాను. మనవాళ్లు రెండు తప్పులూ చేస్తున్నారు. కొందరు భయపడి ఒక్క పేజీ కూడా స్కాన్ చేసి ఇవ్వరు, కొందరు పుస్తకం మొత్తం పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెడతారు.

1957 చట్టంలో సెక్షన్ 52 చదవండి, పెద్ద కష్టమేమీ కాదు. సొంత పరిశోధనకి న్యాయంగా వాడుకోవడం మొదటి క్లాజులోనే ఉంది. వాణిజ్యం కాని ప్రజా గ్రంథాలయం, ఇండియాలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లైబ్రరీ వాడకం కోసం మూడు కాపీల వరకు చేసుకోవచ్చు. తన దగ్గర ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చు, ఇది 2012 సవరణతో వచ్చింది. రచయిత చనిపోయిన 60 ఏళ్ల తర్వాత ఆ రచన అందరిదీ అవుతుంది. వరంగల్ అమ్మాయి అడిగిన 1930ల సంచికల్లో చాలా రచనలకి ఈ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, వ్యాసం వ్యాసానికి రచయితని చూసుకోవాలి.

ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు తీర్పు కూడా చూడండి. పాఠం చెప్పే క్రమంలో పుస్తకాల్లోంచి కొన్ని పేజీలు తీసి కోర్స్ ప్యాక్ చెయ్యడం తప్పు కాదంది. అమెరికాలో మాత్రం 2024 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్ ఆర్కైవ్ కేసులో అప్పీలు కోర్టు వేరే దారిలో వెళ్లింది, కొన్న పుస్తకాన్ని స్కాన్ చేసి ఒక కాపీకి ఒకరికే అరువిస్తాం అన్నా ఒప్పుకోలేదు.

ముందుముందు అసలు గండం ఈబుక్స్‌తో. అచ్చు పుస్తకం కొన్నామంటే అది మనది, ఎవరికైనా అరువివ్వచ్చు. ఈబుక్ కొనము, లైసెన్స్ తీసుకుంటాం. ఆ లైసెన్స్ కాగితంలో ఐఎల్ఎల్ కుదరదని ఒక్క లైను ఉంటే అంతే సంగతులు. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టిన లైబ్రరీలు ఎన్నో. ట్రైనింగ్‌లో ఏ ఒక్కటి నేర్చుకున్నా, లైసెన్స్ చదవడం నేర్చుకోండి. కనీసం ఒక్క అధ్యాయం పంపుకునే హక్కు అడగండి. కొందరు ఒప్పుకుంటారు, అడగనివాళ్లకి ఎవరూ ఇవ్వరు.

శాఖా_గ్రంథాలయం

పార్వతీపురం వైపు ఒక శాఖా గ్రంథాలయంలో చేస్తున్నాను. మీరందరూ కాలేజీల, యూనివర్సిటీల సంగతి మాట్లాడుతున్నారు. మా దగ్గరకొచ్చేది డీఎస్సీకి, గ్రూప్ 2కి చదివే పిల్లలు, పొద్దున పేపర్ చదివే పెద్దవాళ్లు. మాకు ఐఎల్ఎల్ అనే మాటే లేదు. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో శాఖలో పాలిటీ పుస్తకం మూడు కాపీలు ఖాళీగా ఉన్నా మా దగ్గరకి రాదు. ఒక పిల్ల రోజూ బస్సెక్కి అక్కడికి వెళ్లి చదివి వచ్చేది, టికెట్ డబ్బులకి పుస్తకమే కొనుక్కోవచ్చు కదా అని నేనే అన్నాను ఒకరోజు, తర్వాత బాధపడ్డాను. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కట్టించుకుంటున్నాం కదా, అది జిల్లా అంతటికీ కట్టేదే కదా, మరి పుస్తకం జిల్లా అంతా ఎందుకు తిరగకూడదు?

పోస్టు ఖర్చు సంగతి కూడా చెప్పండి ఎవరైనా. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ చవగ్గా ఉండేది, తీసేశారన్నారు.

విశ్రాంత_గ్రంథపాలకుడు

తమ్ముడూ, అది 2024 డిసెంబర్‌లో ఎత్తేశారు, చాలామంది చిన్న ప్రచురణకర్తలు గోల పెట్టారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా వెళితే 100, పన్నులు అదనం. ట్రాకింగ్ ఉంటుంది, రోడ్డు మార్గంలోనే పోతుంది కాబట్టి కొంచెం ఆలస్యం. పాఠ్య పుస్తకాలకి, సాంస్కృతిక, సామాజిక, ధార్మిక పుస్తకాలకి వర్తిస్తుంది. పుస్తకం మీద ముద్రించినవారి పేరో ప్రచురించినవారి పేరో ఉండాలి, ప్రకటనలున్నవి కుదరవు. లైబ్రరీల మధ్య తిరిగే మామూలు పుస్తకానికి దీనికంటే చవకైన దారి నాకు కనబడలేదు.

ప్యాకింగ్ గురించి కూడా చెబుతాను, ఇది ఏ రిఫ్రెషర్ కోర్సులోనూ చెప్పరు. పంపేముందు అట్ట, వెన్ను, చిరిగిన పేజీలు ఫోన్‌లో ఫొటో తియ్యాలి, తిరిగొచ్చాక గొడవలుండవు. పుస్తకం కంటే వేలెడు పెద్దగా రెండు అట్టముక్కలు కోసి పైనొకటి కిందొకటి పెట్టాలి, మూలలు నలిగేది అట్టముక్క చిన్నదైతేనే. ముందు ప్లాస్టిక్ కవరు, వానాకాలం తప్పనిసరి. సెల్లో టేపు పుస్తకం అట్టకి తగలకూడదు, తీసేటప్పుడు రంగు ఊడొస్తుంది. లోపల స్లిప్పు మీద తిరిగి పంపాల్సిన తేదీ, చిరునామా పెద్ద అక్షరాల్లో. మీ సీలు పక్క లైబ్రరీ పుస్తకం మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వెయ్యొద్దు. ఒకసారి మాకొచ్చిన పుస్తకం మీద మా వాళ్లు అలవాటుగా మా సీలు కొట్టేశారు, నేనే స్వయంగా ఉత్తరం రాసి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

డల్లాస్_నుంచి

ఇక్కడ కూడా లైబ్రరీ మెయిల్ అని తక్కువ రేటు ఉంది, అది లేకపోతే చిన్న ఊళ్ల లైబ్రరీలు ఈ సేవ నడపలేవు. 2025లో ఫెడరల్ లైబ్రరీ నిధులకి కోత పడినప్పుడు కొన్ని రాష్ట్రాల్లో ఐఎల్ఎల్ ఆగిపోయింది. సౌత్ డకోటాలో లైబ్రరీల మధ్య పుస్తకాలు తిప్పే కొరియరే ఆపేశారు. టెక్నాలజీ ఎంత ఉన్నా, బండి తిరగడానికి డబ్బు లేకపోతే పుస్తకం కదలదు.

తెనాలి_లైబ్రేరియన్

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పెద్దాయన చెప్పినట్టు వారం రోజులు కౌంటర్‌లో కాగితం పెట్టాను. "లేదు" అన్నవి నలభై మూడు. ఒక్క వారంలో! అందులో పంతొమ్మిది పుస్తకాలు డెల్నెట్ యూనియన్ కేటలాగ్‌లో కనిపించాయి. ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద ఆ కాగితమే పెట్టాను. ఆయన చాలాసేపు చూసి "వీళ్లందర్నీ మనం ఖాళీ చేతులతో పంపించామా" అన్నారు. డెల్నెట్ రెన్యూవల్ ఫైలు మీద సంతకం పెట్టారు.

ఆ నలభై మూడులో ఇంకో విషయం బయటపడింది. ఒక ఎంటెక్ అమ్మాయి ఒక వ్యాసం అడిగింది. జర్నల్ పేరు, వాల్యూమ్, పేజీలు, డీఓఐ (ఆన్‌లైన్‌లో వ్యాసానికి ఉండే గుర్తింపు నంబరు) అన్నీ ఉన్నాయి. రెండు రోజులు వెతికాను. డీఓఐ కొడితే ఏదో మట్టి పరీక్షల వ్యాసం వచ్చింది, ఆ అమ్మాయిది బ్యాటరీల టాపిక్. జర్నల్ విషయసూచిక తెరిచి ఆ వాల్యూమ్ చూస్తే ఆ పేజీల్లో వేరే ఇద్దరి వ్యాసం ఉంది. రచయిత నిజంగానే ఉన్నాడు, కానీ ఆ పేరుతో వ్యాసం రాయలేదు. అడిగితే చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్స్ అంది పాపం, అబద్ధమని తనకి తెలియదు. మీకు ఇలాంటివి వస్తున్నాయా?

డల్లాస్_నుంచి

వస్తున్నాయి అక్కా, వస్తూనే ఉన్నాయి. మా డెస్క్‌లో ఇప్పుడు రిక్వెస్ట్ పంపేముందు చూసేది మీరు చూసినవే, అదే వరుసలో. ముందు డీఓఐ, తర్వాత ఆ సంచిక విషయసూచిక, తర్వాత రచయిత మిగతా రాతలు. ఇది చూడకుండా పంపితే వేరే లైబ్రరీ మనిషి కూడా రెండు రోజులు పోగొట్టుకుంటాడు.

కోహా_కుర్రోడు

నేను మొదట్లో మెషీన్ అన్నీ చేస్తుందన్నాను. మెషీన్ పుట్టించిన రిఫరెన్స్‌ని మెషీన్ పట్టుకోలేకపోవడం నేనూ చూశాను, లేని వ్యాసాన్ని ఆటోమేటిక్‌గా ఐదు లైబ్రరీలకి తిప్పి తిప్పి పంపింది. మేడమ్ రెండు రోజులు కూర్చుని చేసిందే ఇకపై ఐఎల్ఎల్‌లో పెద్ద పని అవుతుంది. పిల్లలకి కూడా ఈ తనిఖీ నేర్పే క్లాసు ఒకటి మీరే పెట్టండి.

పరిశోధకురాలు_వరంగల్

చిన్న శుభవార్త. ఈ చర్చ చదివి ఒక సభ్యులు నాకు మెసేజ్ పెట్టారు. వాళ్ల లైబ్రరీలో కేటలాగ్‌కి ఎక్కని పాత పత్రికల కట్టలున్నాయట, దుమ్ము దులిపి చూస్తే నాకు కావాల్సిన రెండిట్లో ఒకటి దొరికింది! నేను అడిగిన వ్యాసం ఆరు పేజీలు ఫోన్‌తో కాకుండా స్కానర్ మీద పెట్టి పంపారు, అంచున ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న మాటలు కూడా కనిపిస్తున్నాయి. ఎనిమిది నెలలు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

విశ్రాంత_గ్రంథపాలకుడు

సంతోషం తల్లీ. ఇప్పుడు ఆ కట్టలు కేటలాగ్‌కి ఎక్కాలి, లేకపోతే ఇంకో పిల్ల ఇంకో ఎనిమిది నెలలు తిరుగుతుంది.

తెనాలి_లైబ్రేరియన్

అదే ఆలోచించాను సార్. నా ఐదు రోజులు ఇలా అనుకుంటున్నాను. మూడు రోజులు కోహా, మార్క్ 21, తెలుగు ఎంట్రీ, కోహా_కుర్రోడు గారు ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టి చెబుతానన్నారు. ఒక రోజు మా ఈబుక్ లైసెన్సులన్నీ ముందేసుకుని చదువుతాను, అర్థం కానివి న్యాయ_గ్రంథాలయం గారిని అడుగుతాను. మిగిలిన రోజు గుంటూరు, తెనాలి చుట్టుపక్కల కాలేజీల లైబ్రేరియన్లని ఒకచోట కలవమంటాను. ప్రైవేటు కాలేజీలో నాకు రిఫ్రెషర్ కోర్సుతో ప్రమోషన్ ఏమీ రాదు కాబట్టి ఏది నేర్చుకోవాలో నేనే తేల్చుకునే స్వేచ్ఛ ఉంది, అది వాడుకుంటాను.

దానికంటే ముందు ఒక ఉమ్మడి షీట్ పెట్టాను, యూనికోడ్ తెలుగులోనే. ఎక్కడా కేటలాగ్‌లో లేని పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు అందులో ఎక్కిద్దాం. పేరు అచ్చులో ఉన్నట్టే ఒక గడిలో, ఇప్పటి స్పెల్లింగుతో ఇంకో గడిలో, సంపుటి, సంచిక, సంవత్సరం, ఏ ఊరు, స్కాన్ చేసి ఇవ్వగలరా లేదా. లైబ్రరీ పేరు పెట్టాలంటే మీ పైవాళ్లని అడిగే పెట్టండి. మా కాలేజీలో పాత తెలుగు ఏమీ లేదు, కానీ మా ఊళ్లో ఒకరింట్లో ఉన్న పత్రికల కట్టలు చూడనిస్తామన్నారు, ఆదివారం వెళ్తున్నాను.

శాఖా_గ్రంథాలయం

మేడమ్, మా బీరువాలో కింద అరలో అరవై దాకా ఉన్నాయి, కొన్నిటికి అట్టలు లేవు. పేరు లేనివాటికి మొదటి పేజీ ఫొటో తీసి పెడితే ఎవరైనా గుర్తుపడతారా?

విశ్రాంత_గ్రంథపాలకుడు

పెట్టు తమ్ముడూ. నేను చూస్తాను.